పెట్టెలో ఉండిపోయిన మొక్కు

మహానందిలో గుడికి పోయే దారిలో పెద్దసుబ్బయ్య అంగడి ఎక్కడని ఎవరినడిగినా, "మాటల సెట్టి అంగడేనా?" అని నవ్వి చూపిస్తారు. టెంకాయలు, కర్పూరం, విభూది పొట్లాలు, రుద్రాక్షలు, బొటనవేలంత ఇత్తడి నందులు. అందరి అంగళ్ళలో ఉండేవే ఆయన దగ్గరా ఉంటాయి. వచ్చిన మనిషి చేతికి టెంకాయ అందేలోపల ఆ మనిషి ఊరేదో, ఆ ఊళ్ళో వాన పడిందో లేదో, దారిలో బస్సు ఎక్కడ ఆగిపోయిందో ఆయనకు తెలిసిపోవాలి. అదొక్కటే తేడా.

బేరం కోసం మాట్లాడతాడని కొత్తవాళ్ళు అనుకుంటారు. కొనని వాళ్ళతోనూ అంతే. కోనేట్లో మునిగి, మార్చుకోను బట్ట లేక వణుకుతూ వచ్చే ముసలివాళ్ళ కోసం అంగడి ముందర తాడు మీద ఎప్పుడూ పొడి తువ్వాలు ఒకటి వేలాడుతుంటుంది. చెప్పులు, సంచులు ఆయన బల్ల కింద పెట్టి నిశ్చింతగా దర్శనానికి పోతారు. ఒకసారి ఎవరో వేరే ఊరి అమ్మవారి మొక్కు కోడిపుంజును శివుడి గుళ్ళోకి తీసుకుపోలేక ఈయన దగ్గర కట్టేసి పోయారు. వాళ్ళు వచ్చేవరకు ఆ పుంజుకు నూకలు వేసి, దానితోనూ మాట్లాడుతూ కూర్చున్నాడు.

పుట్టింది ఆత్మకూరు దగ్గర పల్లెలో. అయిదో తరగతి అయ్యాక చదువు సాగలేదు. పెద్దవాళ్ళెవరో తీసుకొచ్చి మహానందిలో ఒక అంగట్లో పనికి పెట్టారు. తర్వాత గంపలో విభూది పెట్టుకుని నేల మీద కూర్చుని అమ్మాడు. నేల మీద నుంచి బల్ల మీదికి రావడానికి సగం వయసు పట్టింది. ఆ సగం వయసులో ఆయన పక్కన ఉన్నది భార్య రాజ్యలక్ష్మమ్మ. ఆమె అంగడి వెనక గదిలో కూర్చుని వత్తులు చేసేది, పూలు కట్టేది. బయట ఈయన మాటలన్నీ ఆమె చెవిన పడుతూనే ఉండేవి. ఎప్పుడైనా ఈయన హద్దు దాటితే లోపల్నుంచి ఒక దగ్గు వినిపించేది. అంతే, ఈయన నోరు మూసుకుని టెంకాయలు సర్దుకునేవాడు.

బెంగుళూరులో కాపురం ఉన్న వాళ్ళ కూతురు హిమబిందు రెండువేల ఎనిమిది మొదట్లో వచ్చినప్పుడు తండ్రికి ఒక వీడియో కెమెరా తెచ్చింది. చూస్తే సబ్బుపెట్టెకంటే పెద్దదేమీ కాదు, చొక్కా జేబులో పడుతుంది. నడుమ ఒక ఎర్ర బొత్తాం.

"నాయనా, నువ్వు ఎట్లాగూ అందర్నీ అడగకుండా ఉండలేవు. ఇంకమీదట ఇది చేతిలో పట్టుకోని అడుగు. ఇది నొక్కితే మొదలైతాది, మళ్ళా నొక్కితే ఆగుతాది. అంతే" అంది.

"ఇంత పెట్టెలోకి మనిషి ఎట్ల దూరతాడే?"

"నీ అంగట్లోకి ఇంత జనం దూరలేదా?"

ఆ రోజు నుంచి మహానందికి ఒక కొత్త వేడుక వచ్చింది. "యాడినుంచి వచ్చినారప్పా? ఏం తిన్నారు? దర్శనం బాగయిందా?" అని పెద్దసుబ్బయ్య ఎప్పటిలాగే అడిగేవాడు, ఎర్ర బొత్తాం నొక్కి. కానీ అంతవరకు గలగలా మాట్లాడిన వాళ్ళు పెట్టె కంటబడగానే మారిపోయేవాళ్ళు. ఒకాయన ఫొటో స్టూడియోలో లాగా ఊపిరి బిగబట్టి, రెప్ప వేయకుండా నిలబడ్డాడు. "మాట్లాడప్పా, ఇది ఫొటో కాదు" అంటే, "కదిలితే చెడిపోదా?" అని పెదవులు కదపకుండా అడిగాడు. ఇంకొక పెద్దాయన పేరు, తండ్రి పేరు, గ్రామం, మండలం, తన చేను ఎవరి చేనుకు పక్కనుందో అంతా గడగడా చెప్పి, "ఈసారన్నా పంట నష్టం రాయండి సారూ" అని దండం పెట్టాడు. పెద్దసుబ్బయ్యకు నవ్వు రాలేదు. టెంకాయ ఒకటి ఊరికే ఇచ్చి పంపాడు.

పక్కనే ఫొటోలు తీసే మురళి అంగడి ఉంది. రక్తసంబంధం లేకపోయినా మామా, అత్తా అని పిలుచుకునే చనువు. పెట్టె నిండినప్పుడల్లా అందులోవి తన కంప్యూటరులోకి ఎక్కించి, సీడీ చేసి ఇచ్చేది అతనే.

"మామా, నా పొట్ట కొడతాండావు. జనమంతా నీ దగ్గరే నిలబడిపోతాండారు" అనేవాడు.

"నీది నిలబెట్టి తీసేది. నాది కూచోబెట్టి మాట్లాడిచ్చేది. దేనికదే లేరా."

రాజ్యలక్ష్మమ్మ మాత్రం ఆ పెట్టె ముందుకు వచ్చేది కాదు. ఆయన లోపలికి పట్టుకుపోతే కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని, "నా ముఖంలో ఏముండాదని? పోయి పెసాదం తెచ్చుకునేటోళ్ళను తీయండి" అని తరిమేసేది. హిమబిందు పెళ్ళి కేసెట్టులో ఆమె ఉందిగాని, పెళ్ళి కేసెట్లన్నిటిలాగే దానికీ మొదటినుంచి చివరిదాకా పాటలే నింపారు. అక్షింతలు వేస్తూ ఆమె పెదవులు కదులుతుంటాయి. ఏమని దీవించిందో వినబడదు.

ఆ మాఘమాసంలో ఒక సోమవారం నాడు కోసిగి నుంచి ఒక జంట వచ్చింది. అయ్యన్న, అతని భార్య సుంకులమ్మ. ఆ తట్టు పల్లెల నుంచి సుగ్గికి, అంటే కోతల కాలంలో కూలికి, గుంటూరు మిరపచేలకు పోయేవాళ్ళు కొందరు నంద్యాలలో దిగి, మహానందీశ్వరుని చూసుకుని మళ్ళీ బండెక్కుతారు. వీళ్ళూ అలా వచ్చినవాళ్ళే. అయ్యన్న మూటలు బల్ల కింద పెట్టి కోనేటికి పోయాడు. సుంకులమ్మ టెంకాయ కోసం నిలబడింది. రాజ్యలక్ష్మమ్మ పూలు లేని ఆమె తల చూసి, తను కడుతున్న కనకాంబరాల నుంచి ఒక మూర తెంపి జడలో పెట్టి లోపలికి పోయింది.

పెద్దసుబ్బయ్య బొత్తాం నొక్కాడు. ఊరు అడిగాడు. పని అడిగాడు. ఆ పిల్ల బెదరకుండా చెప్పింది. ఆ ఉత్సాహంలో ఆయన, "ఏం మొక్కుకుంటాండావు తల్లీ?" అని అడిగేశాడు.

అది అడగకూడని మాట. మహానందికి వచ్చే ఆడవాళ్ళు నందీశ్వరుని చెవి దగ్గర చెయ్యి అడ్డం పెట్టుకుని, పక్కనున్న మొగుడికి కూడా వినబడకుండా తమ కోరిక చెప్పుకుంటారు. ఆ చెవిలో పడకముందు ఇంకొకరి చెవిలో పడితే మొక్కు పండదంటారు. నందుల్ని అమ్ముకుని బతికే మనిషికి అది తెలియక కాదు. చేతిలో పెట్టె ఉంటే నోటికి కళ్ళెం ఉండదు. ఆ పిల్లకు కూడా, తలలో పూలు పెట్టిన ఇంట్లో దాపరికం ఎందుకనిపించిందో ఏమో, చెప్పేసింది.

ఆమె చెప్పిన మొక్కేమిటో ఇక్కడ రాయడం లేదు. అదే వీధిలో ఉంటున్నా, పెద్దసుబ్బయ్య నాకు చెప్పలేదు, నేను అడగలేదు.

చెప్పడం పూర్తయ్యీ కాకముందే రాజ్యలక్ష్మమ్మ లోపల్నుంచి పరుగున వచ్చి పెట్టెకు తన అరచెయ్యి అడ్డం పెట్టింది.

"సాల్లేండి! మొక్కేందని అడుగుతారా యాడన్నా? స్వామికి చెప్పాల్సిన మాట మీకెందుకు? ఆ పిల్ల మాట ఆ పిల్లకిచ్చేయండి!" అని ఆయన్ను కసిరి, సుంకులమ్మ వైపు తిరిగి, ఆమె చెప్పుకున్న బాధనే ఎత్తి, తన మాటలతో ఓదార్చి, స్వామి చూసుకుంటాడని దీవించింది. "ఈయప్ప అడిగితే చెప్పేస్తావా, పిచ్చిదానా? ఈయప్ప నందిని గూడా యా ఊరని అడుగుతాడు!" అని నవ్వింది. సుంకులమ్మ కూడా నవ్వింది. కంగారులో పెద్దసుబ్బయ్య బొత్తాం ఆపలేదు. అంతా పెట్టెలో పడింది. ఆమె అరచేతి ఎరుపు, గాజుల చప్పుడు, ఆ గొంతు, ఆ నవ్వు.

ఆ సాయంత్రమే తుడిచేయమని భార్య చెప్పింది. చేద్దాంలే అన్నాడు. శివరాత్రి జనంలో పడి మరిచిపోయాడు.

శ్రావణంలో రాజ్యలక్ష్మమ్మకు జ్వరం వచ్చింది. నంద్యాల ఆసుపత్రికి తీసుకుపోయారు. తిరిగి ఇంటికి రాలేదు.

కర్మకాండ అయిపోయి, కూతురు బెంగుళూరు వెళ్ళాక, ఒకరోజు ఆయన పెట్టెలో పాతవి చూస్తుంటే ఆ ముక్క వచ్చింది. "సాల్లేండి!" అనే కసురు విని లోపలికి తిరిగి చూశాడట. అప్పటినుంచి రోజూ అంగడి తెరిచి, దీపం పెట్టి, ఆ ముక్క ఒకసారి విని, తర్వాతే మొదటి బేరం చేసేవాడు. సీడీ చేసి ఇస్తానని మురళి ఎన్నిసార్లు చెప్పినా పెట్టె ఇవ్వలేదు. శివరాత్రి వీడియోలు కొన్ని మురళి కంప్యూటరులోకి ఎక్కిస్తుండగానే పోయాయి; అంతటితో ఆపేయడంతో ఈ ముక్క పెట్టెలోనే మిగిలింది. "అవి పోతే పోయినై. ఇది పోతే యాడ తెచ్చుకోవల్ల?" అనేవాడు. ఇతరుల్ని తీయడం కూడా మానేశాడు. పెట్టె నిండితే ఏమవుతుందోనని భయం.

మాటల సెట్టి మాటలు తగ్గాయని అందరూ గమనించాం. తాడు మీద తువ్వాలు మాత్రం మానలేదు.

మళ్ళీ మాఘం వచ్చింది. ఒక పొద్దున సుంకులమ్మ, అయ్యన్న మూటలతో అంగడి ముందు నిలబడ్డారు.

"సెట్టీ, నన్ను గుర్తు పడితివా?"

ఆయన గుర్తు పట్టకుండా ఎలా ఉంటాడు? రోజూ ఆ పిల్ల గొంతు దాటితే గదా భార్య గొంతు వచ్చేది! "కోసిగి పిల్లవు గదూ. రా తల్లీ, నీడకు రా."

ఆమె నీడకు రాలేదు. అక్కడే నిలబడి చెప్పింది. "పోయినేడు నీ పెట్టెకి నా మొక్కు చెప్తిని. నందీశ్వరునికంటే ముందు దానికి చెప్తిని. ఏడాదాయె, అనుకున్నది కాలే. మా ఊర్లో పెద్దమ్మని అడిగితే, మాట పెట్టెలోనే ఉండిపోయిండాది, స్వామి చెవికి యాడ పోతాది అనె. నా మాట తీసెయ్ సెట్టీ. దుడ్లిమ్మంటే ఇస్తా. తీసేస్తే నేను పోయి మళ్ళా స్వామికి కొత్తగా చెప్పుకుంటా."

అయ్యన్నకు సిగ్గనిపించింది. "నేను చెప్తానే ఉండా సెట్టీ, పెట్టెకూ దేవునికీ ఏం సమ్మందమే అని. వినదు. సుగ్గి పోతే పోనీ, ఇది ముందు కావల్ల అనె. రైల్లో గూడా కునుకు తీయలే."

"నీకేం, మొక్కింది నువ్వా?" అని ఆమె అతన్ని నోరు మూయించింది.

పెద్దసుబ్బయ్య జేబు మీద చెయ్యి పెట్టుకున్నాడు. తర్వాత, "కూచోండమ్మా, ఇప్పుడే వస్తా" అని మురళి అంగట్లోకి పోయాడు. విషయం విన్న మురళి గొంతు తగ్గించాడు.

"దీనికి ఇంత ఆలోచనేంది మామా? ఇట్లియ్యి. నేను సీడీలోకి తీసి పెట్టుకుంటా, మళ్ళా ఆమె ముందర పెట్టెలోది తుడిచేయి. ఆమెకేం తెలుస్తాది?"

"ఆమెకు తెలీదు."

"అది వద్దంటే ఇంకోటి. ఆ పిల్ల మాట వరకు కోసేసి అత్త మాట ఉంచుతా. కంప్యూటర్లో అయితాది."

"మీ అత్త మాటలోనే ఆ పిల్ల మొక్కు కలిసిపోయిండాది రా. ఓదార్చింది గదా. యాడని కోస్తావు?"

"అట్లయితే మొదటిదే మేలు. తప్పేం గాదు మామా. ఆమె మనసు నిమ్మళిస్తాది, నీకు అత్త గొంతు మిగుల్తాది. ఇద్దరికీ మంచిదే గదా?"

మురళి మంచికే చెప్పాడు. రాజ్యలక్ష్మమ్మ చేతి అన్నం తిన్న మనిషి, అతనికీ ఆ గొంతు కావాలి. పెద్దసుబ్బయ్య కూడా పెట్టెను సగం చాపాడట. మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు.

"కుళ్ళిందని తెలిసీ టెంకాయ చేతికిచ్చి గుళ్ళోకి పంపినట్టుంటాది రా మురళీ. పగలగొట్టేటప్పుడు గదా ఆమెకు తెలిసేది."

"ఇది పగిలేది గాదు మామా."

"నాకు తెలుసు గదా" అన్నాడు. పెట్టెను మళ్ళీ జేబులో వేసుకుని, "ఇన్నాళ్ళూ రోజూ వింటాండా. 'ఆ పిల్ల మాట ఆ పిల్లకిచ్చేయండి' అని రోజూ చెప్తానే ఉండాది మీ అత్త. గొంతు వింటాండా గానీ, మాట వినలే" అన్నాడు.

మురళి కంప్యూటరు ఆపేశాడు. లేచి ఆయన వెంట వచ్చి నిలబడ్డాడు.

సుంకులమ్మ ఎదుటనే పెద్దసుబ్బయ్య పెట్టె తీశాడు. చిన్న తెరమీద ఆ ముక్క మొదటి బొమ్మ కనబడింది. తలలో కనకాంబరాలతో సుంకులమ్మ. ఒక్కసారి, ఆఖరిసారి విందామని ఆయన వేలు దాన్ని పలికించే బొత్తాం మీదికి పోయింది. ఆ పిల్ల గబుక్కున రెండు చెవులూ మూసుకుంది.

"వద్దు సెట్టీ! అది మళ్ళా పలికితే నేను మళ్ళా చెప్పినట్టే."

ఆయన వేలు అక్కడే ఆగిపోయింది. మురళి ముఖం పక్కకు తిప్పుకున్నాడు. పెద్దసుబ్బయ్య కళ్ళు మూసుకుని "శివా" అన్నాడు. చెత్తబుట్ట బొమ్మ ఉన్న బొత్తాం నొక్కాడు. నిజంగానే తీసేయాలా అని పెట్టె మళ్ళీ అడిగింది. మళ్ళీ నొక్కాడు. తెరమీద సుంకులమ్మ పోయి, ఎప్పటిదో ఒక యాత్రికుల గుంపు వచ్చింది.

"అయిపోయింది తల్లీ. నీ మాట ఇంక దీంట్లో లేదు."

"యాడా లేదా?"

"యాడా లేదు. నందీశ్వరుని మీద ఆన."

అప్పుడు ఆ పిల్ల నీడలోకి వచ్చి, బల్లను పట్టుకుని ఊపిరి పీల్చుకుంది. ముఖం తేటపడింది. లోపలికి తొంగి చూసి, "అమ్మ యాడ సెట్టీ? పోయినేడు నాకు పూలు పెట్టె. ఒక మాట చెప్పి పోతా" అంది.

"ఆమె శ్రావణంలో స్వామి దగ్గరికి పోయిందమ్మా."

సుంకులమ్మ చెయ్యి తన జడ మీదికి పోయింది. ఏదో గుర్తుకొచ్చి పెట్టెకేసి చూసింది, ఆయనకేసి చూసింది. "ఆ పొద్దు ఆయమ్మ గూడా మాట్లాడె గదా సెట్టీ... పెట్టెకు చెయ్యి అడ్డం పెట్టి..."

"టెంకాయ తీసుకో తల్లీ" అన్నాడాయన తొందరగా. "ఇంక ఆలస్యం చేస్తే వరస పెరుగుతాది. పో, స్వామికి చెప్పుకో."

ఆమె టెంకాయ తీసుకుంది. దాన్ని కళ్ళకద్దుకుని, వెనక గది గడప దగ్గరికి పోయి, గడపను చేత్తో తాకి దండం పెట్టుకుని, గుడికి వెళ్ళింది.

తిరిగి వచ్చాక బండికి ఇంకా వేళ ఉంది. వెళ్ళండమ్మా అంటే వెళ్ళలేదు. అంగడి పక్కన పీచు తీయని టెంకాయల కుప్ప ఉంటే ఇద్దరూ దాని దగ్గర కూర్చున్నారు. ఎవరూ అడగలేదు. అయ్యన్న పీచు లాగుతుంటే ఆమె టెంకాయకు పిలక మాత్రం ఉంచి, మిగతాదంతా శుభ్రంగా తీసి వరసగా పేర్చింది. కూలికి పోయే మనుషులు, ఇవ్వగలిగింది చేతుల్లో ఉంది, ఇచ్చారు. కుప్ప అయిపోయాక మూటలు ఎత్తుకున్నారు. పెద్దసుబ్బయ్య వాళ్ళకు దారిలో తినను పులిహోర పొట్లం కట్టించి ఇచ్చాడు.

ఆమె మొక్కు తీరిందో లేదో నాకు తెలియదు. తీరి ఉండాలని నేనూ ఒక సోమవారం దండం పెట్టుకున్నాను.

మర్నాడు ఆయన అంగడి తెరవలేదు. ఆ తర్వాత రోజు తెరిచాడు. దీపం పెట్టాక చేతులకు ఏం చేయాలో తోచక ఊరికే కూర్చున్నాడు. మురళి వచ్చి, జేబులో ఉన్న పెట్టెను తనే తీసి, ఎర్ర బొత్తాం నొక్కి, ఎదురుగా స్టూలు వేసుకున్నాడు.

"ఏం రా ఇది?"

"అందర్నీ నువ్వడిగితివి. నిన్ను ఎవురన్నా అడిగినారా? చెప్పు మామా. యా ఊరు నీది?"

"నీకు తెలీదా?"

"నాకు తెలుసు. పెట్టెకు తెలీదు."

పెద్దసుబ్బయ్య మొదట విసుక్కున్నాడు. తర్వాత మెల్లగా చెప్పడం మొదలుపెట్టాడు. గంప మోసిన రోజులు, విభూది తడిసిపోయిన వాన, ఆ వానలో కొత్త పెళ్ళికూతురు గోనెసంచి కప్పుకుని గంపకు అడ్డం నిలబడటం. ఆమె ఎట్లా దగ్గేదో, ఎట్లా కసిరేదో, పెళ్ళిలో కూతురి మీద అక్షింతలు వేస్తూ ఏమని దీవించిందో. ఆ రోజు పెట్టెకు చెయ్యి అడ్డం పెట్టి తనను ఏమందో కూడా చెప్పాడు. ఆ పిల్లతో ఏమందో మాత్రం చెప్పలేదు.

"నంది గురించి ఏమో అనిందంటివే?" అన్నాడు మురళి.

"ఈయప్ప నందిని గూడా యా ఊరని అడుగుతాడు, అనె" అని చెప్పి, ఆమె నవ్వినట్టు నవ్వబోయాడు. రాలేదు. మళ్ళీ ప్రయత్నించాడు.

"అట్ల గాదు మామా" అన్నాడు మురళి. "అత్త నవ్వు ముందు ముక్కులో మొదలయ్యేది."

"అవున్రా" అన్నాడు పెద్దసుబ్బయ్య ఆశ్చర్యంగా, "ముక్కులోనే. నీకెట్ల తెలుసు?"

"గోడ అవతలే గదా నేనుండేది. నాకు తెలిసింది నేను గూడా చెప్తా. జరుగు."

మురళి పెట్టెను టెంకాయల మీద ఆనించి నిలబెట్టి, వచ్చి ఆయన పక్కన బల్ల మీద కూర్చున్నాడు.